ఒక ఇంటికి రెండు పొగలు

అరవై ఏళ్ళుగా కోతలు కోస్తున్నాను. హిజ్లీ అడవిలో పులి ఎదురైతే బీడీ ముట్టించి ఇచ్చానని చెప్తే, ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళలో సగం మంది నమ్మారు. మిగతా సగం మంది ఏ బీడీ అని అడిగారు. రైల్వే కేబిన్‌లో లీవర్లు లాగే రోజుల్లో, మంచులో సిగ్నలు కనబడకపోతే మీసానికి ఎర్రగుడ్డ కట్టి మెయిలు ఆపానని ఇన్‌స్పెక్టరుకే చెప్పాను. ఎన్నడూ నోరు తడబడలేదు. ఒకే ఒక్కసారి, 1986 జూన్‌లో, మిద్నాపూర్ కోర్టులో నిజం చెప్పాల్సి వచ్చింది. అప్పుడు చూడాలి నా నోటి తడబాటు! పాత వంతెన మీద పోయే ఖాళీ గూడ్సు కూడా అంత తడబడదు.

ట్రాఫిక్ కాలనీలో మా అబ్బాయి క్వార్టరు ఎదురుగా హరనాథ్ క్వార్టరు. గూడ్సు గార్డు. భార్య కోటేశ్వరికి ఇరవై నాలుగేళ్ళు. ఇద్దరూ మంచివాళ్ళే. వచ్చిన చిక్కల్లా అదే. కొట్టేవాడైతే నలుగురం కలిసి చెయ్యి పట్టుకుందుము. గయ్యాళి అయితే మా ఆవిడ బాలాంబను మీదికి వదులుదుము. వీళ్ళకా జబ్బులు లేవు. పొద్దున్న అడిగిన మాటకు అతను మర్నాడు జవాబిచ్చేవాడు. ఆ పిల్ల ఆ జవాబు కోసం ఎదురుచూసి ఎదురుచూసి, చివరికి అడగటమే మానేసింది. పెద్దలు ముడిపెట్టిన పెళ్ళి. పుట్టింటికి వస్తానంటే తండ్రి గడప తొక్కొద్దన్నాడు.

1984 దీపావళి వెళ్ళిన మర్నాడు ఆ ఇంటి నుంచి రెండు పొగలు లేచాయి.

మా ఊళ్ళో పొద్దున్నే బకెట్ పొయ్యిలో బొగ్గులు వేసి, వాకిట్లో ముట్టించి, పొగ తగ్గాక లోపలికి తీసుకుపోతారు. ఇంటికొక పొయ్యి, పొయ్యికొక పొగ. అలాంటిది హరనాథ్ ఇంటి ముందు ఒకటి, పెరట్లో ఒకటి. కోటేశ్వరి పిడక మీద బొగ్గులు పేర్చేది. ఆమె పొగ తెల్లగా, బుద్ధిగా పైకి పోయేది. హరనాథ్‌కి అంత ఓపిక ఏదీ? లోకోషెడ్డులో ఇంజన్లు తుడిచి పారేసిన నూనెగుడ్డ కుక్కి అగ్గిపుల్ల గీసేవాడు. అతని పొగ నల్లగా లేచి, ఇంటికప్పు దూకి మా బట్టల మీద పడేది. ముందుగది ఆమెది, వెనకగది అతనిది. వంటలు వేరు, తలుపులు వేరు.

పంపు దగ్గర ఆడవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి? "ఓలమ్మా, ఒక ఇంట్లో రెండు పొయ్యిలేటే? ఆ పిల్లలోనే ఏదో లోపముంది," అని మొదలెట్టారు. వాళ్ళు ఆ పిల్లను అంత మాటంటుంటే నాకు మనసొప్పలేదు. బాల్చీ కింద పెట్టి ఒక కోత కోశాను.

"లోపమూ లేదు గీపమూ లేదు. రాత్రి నా కళ్ళతో సూసినాను. ఇద్దరూ ఒకే కంచం! ఆడు ఇలిష్ చేపకి ముళ్ళు తీసి ముద్దలెడతన్నాడు. ఆ పిల్ల ఎక్కిళ్ళు పడి నవ్వతంది!"

ఆ ఇలిష్ చేప ట్రాఫిక్ కాలనీ అంతా ఈది, ఖరిదా బజారు చుట్టి, గుడి కమిటీ పెద్ద గోవిందరావు చెవిలో పడింది. పంపు దగ్గర నోళ్ళు మూతపడ్డాయి. నేను మీసం దువ్వుకున్నాను.

ఏడాది తర్వాత కోటేశ్వరి మా ఇంటికి వచ్చింది. "తాతా, వకీలు దగ్గిరికెల్లాలి. పెద్దోళ్ళెవరైనా తోడుండాలి. మీరొస్తారా? ఒక షరతు. నోరిప్పకూడదు."

"నానేటి, రాయినేటి?" అన్నాను. కానీ వెళ్ళాను.

ఖరిదాలో ఘోషాల్ బాబు వకీలు. తెలుగువాళ్ళ మధ్య పెరిగిన బెంగాలీ మనిషి. మన భాషను ముక్కలు చేసి మళ్ళీ అతికిస్తాడు. భార్యాభర్తలను పక్కపక్కన కూర్చోబెట్టి కలం తీశాడు.

"కొట్టాడు అని రాద్దాం దీదీ. తాగాడు అని రాద్దాం. జల్దీ అయిపోద్ది."

"ఆయన కొట్టలేదు, తాగలేదు," అంది కోటేశ్వరి. "అబద్దం మీద ఇడాకులొద్దు. రేపు ఆయనకి ఇంకో సమ్మందం రావాలా వద్దా?"

హరనాథ్ తల ఎత్తి ఆమెను చూశాడు. పెళ్ళయ్యాక అంతసేపు చూడటం అదే మొదటిసారి కాబోలు.

ఘోషాల్ బాబు కలం మూశాడు. "అయితే ఇంకో దారి. ఇద్దరూ ఒప్పుకుని పెట్టే దరఖాస్తు. కాపురం చివరగా ఇక్కడే చేశారు కాబట్టి మిద్నాపూర్ జిల్లా కోర్టులో పెట్టాలి. ఒక సంవత్సరం వేరుగా ఉన్నామని చెప్పాలి. దరఖాస్తు పెట్టాక ఆరు నెలలు ఆగాలి, మనసు మారుతుందేమోనని. మారకపోతే పద్దెనిమిది నెలల్లోపు ఇద్దరూ మళ్ళీ వచ్చి అదే మాట చెప్పాలి. ఏ ఒక్కరు రాకపోయినా కేసు లేదు."

"ఏడాది దాటింది కదా?" అన్నాడు హరనాథ్. ఆ రోజు అతను పలికింది ఆ మూడు మాటలే.

"దాటింది దాదా. కానీ ఇద్దరి అడ్రసు ఒకటే! జడ్జిగారు అడుగుతారు, ఒకే కప్పు కింద వేరు ఏమిటి అని. అప్పుడు సాక్ష్యం కావాలి. పరువుగల మనిషి కావాలి." అని నా వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. గోవిందరావు పేరు రాసుకున్నాడు.

డిసెంబరులో దరఖాస్తు పడింది. ఆరు నెలలు గడిచాయి. ఈలోగా కోటేశ్వరికి కటక్‌లో నర్సు ట్రైనింగులో సీటొచ్చింది. అక్కడ పెళ్ళికానివాళ్ళనీ, భర్త పోయినవాళ్ళనీ, కోర్టు విడాకులు పొందినవాళ్ళనీ మాత్రమే చేర్చుకుంటారట. జూన్ ముప్ఫైలోపు కోర్టు కాగితం చూపించాలి. లేకపోతే సీటు ఇంకొకరికి. వచ్చే ఏడాదికి ఆమె వయసు దాటిపోతుంది. పదిహేడో తారీకున వాయిదా.

"నువ్వెందుకెల్లడం? నీ నోరు పడితే పచ్చగడ్డి అంటుకుంటాది," అంది బాలాంబ.

"ఊరికే వెనక బెంచీ మీద కూకుంటానే."

"నోట్లో వక్కేసుకో. ఉమ్మకు, మింగకు."

వాయిదా రోజు పొద్దున లోకల్ బండిలో అందరం బయల్దేరాం. హరనాథ్ కోర్టు నుంచి సరాసరి డ్యూటీకి పోవాలని భుజాన సంచీతో వచ్చాడు. కారం మరమరాలు అమ్మే ఝాల్‌మురీవాడు వస్తే రెండు పొట్లాలు కొని ఒకటి ఆమెకు ఇచ్చాడు. ఆమె తన పొట్లంలోని పచ్చిమిరపకాయలు ఏరి అతని పొట్లంలో వేసింది. అతనికి కారం ఇష్టం. విడిపోవడానికి ఇంత ఒద్దికగా పోయే జంటను నేను ఎక్కడా చూళ్ళేదు. కాసై నది వంతెన మీద బండి దడదడలాడుతుంటే కోటేశ్వరి పెదవులు కదులుతున్నాయి. మొక్కుకుంటోందో, జడ్జికి చెప్పాల్సింది వల్లె వేస్తోందో.

జడ్జిగారు బెంగాలీవారు, బట్టతల, బొద్దు మనిషి. దరఖాస్తు చదివి కళ్ళజోడు పైకి తోశారు. "అడ్రసు ఒకటే. ఇదేం వేరు?"

ఘోషాల్ బాబు ఠీవిగా గోవిందరావును పిలిచాడు. గోవిందరావు ఇస్త్రీ పంచె సవరించుకుని ప్రమాణం చేశాడు. పాపం, ఆయన జన్మలో అబద్ధమాడలేదు. అదే మా కొంప ముంచింది.

"వీళ్ళిద్దరూ వేరుగా ఉండటం మీరు చూశారా?" అని ఘోషాల్ బాబు అడిగాడు.

"ఇంట్లోకి నానెప్పుడూ ఎల్లలేదండి. ఆ ఇంటికి రెండు పొయ్యిలున్న మాట నిజమే గానీ…" ప్రమాణం గుర్తొచ్చినట్టుంది. "ఉన్నది ఉన్నట్టు సెప్పాలి కదండి. ఒకే కంచంలో తింటారని మా సింహాచలం బావ కళ్ళారా సూసినాడు. ఇలిష్ చేపకి ముళ్ళు తీసి ముద్దలెట్టినాడట. కాలనీ అంతా ఎరుగుదురు."

ఘోషాల్ బాబు రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు. కోటేశ్వరి వెనక్కి తిరిగి నన్ను చూసింది. తిట్టినా బాగుండేది. సీటు పోయిన దానిలా ఊరికే చూసింది.

జడ్జిగారు కాగితాలు కట్టబోతున్నారు. నా నోట్లో వక్క గొంతులోకి జారింది. లేచాను.

"హుజూర్! ఆ సింహాచలం నానే!"

"కూర్చో దాదు!" అని ఘోషాల్ బాబు నా కండువా లాగాడు. కండువా ఆయన చేతిలో వదిలేసి బోనెక్కాను. ప్రమాణం చేయించారు. నాకొచ్చిన బెంగాలీ, హిందీ, తెలుగూ కలిపి పోపు పెట్టి మొదలెట్టాను.

"హుజూర్, నాను అబద్దాలకోరుని. కంచం అబద్దం. ముద్దలు అబద్దం. ఆ చేప నా నోట్లోనే పుట్టి నా నోట్లోనే ఈదింది."

హాలు గొల్లుమంది. జడ్జిగారు బల్ల కొట్టారు. "ఎప్పుడు చెప్పావీ కథ?"

"ఆ ఏడు పుష్యమాసంలో, సలిలో, పంపుకాడ."

"పౌష్‌లో ఇలిషా?" జడ్జిగారు ముందుకు వంగారు. "వానాకాలం చేప! విజయదశమి దాటాక మేం దాన్ని ఇంట్లోకే రానివ్వం. బజారులో ఎక్కడ దొరికింది?"

"దొరకలేదు హుజూర్. అందుకే సెప్తన్నాను, అబద్దమని. నాను తెలుగోడిని, అంత దూరం ఆలోసించలేదు."

ఆయన మీసాల కింద ఏదో కదిలింది. కానీ వెంటనే ముఖం బిగించారు. "అయితే అబద్ధాలకోరు మాట ఇప్పుడెందుకు నమ్మాలి?"

ఇదీ అసలు దెబ్బ. అరవై ఏళ్ళ కోతలూ ఒక్కసారిగా అప్పులవాళ్ళలా వచ్చి నా ముందు నిలబడ్డాయి. పులి, బీడీ, మీసం, ఎర్రగుడ్డ, ఒక్కటీ అక్కరకు రాలేదు. కళ్ళు మూసుకున్నాను. రెండు పొగలు కనబడ్డాయి.

"నా మాట నమ్మకండి హుజూర్. పొగని నమ్మండి." తెల్లపొగ గురించీ, నల్లపొగ గురించీ చెప్పాను. "ఆడు లైను మీదకెల్లిన రోజు తెల్లదొక్కటే లేస్తాది. ఆడొస్తే నల్లది కూడా లేస్తాది. ఇరవై నెలలుగా వాకిట్లో కూకుని ఇదే సూస్తన్నాను. నాకింకేటి పని?"

జడ్జిగారు కాసేపు కలం ఆడించి, "కిందటి దుర్గాపూజలో అష్టమి రోజు?" అన్నారు.

వేళ్ళు మడిచి లెక్కపెట్టాను.

"తెల్లదే. ఒక్కటే. డప్పులు మోగతన్నాయి. నల్లది నవమి నాడు మద్దేనం లేచింది. ఎలా తెలుసంటారా? పండక్కి కట్టుకోవాలని మా బాలాంబ ఆరేసుకున్న గంజి సీర మీద మసి పడింది. ఆ కోపంలో సాయంత్రం దాకా నాకు అన్నమెట్టలేదు."

జడ్జిగారు హరనాథ్ వైపు తిరిగారు. "నువ్వు గార్డువి. డ్యూటీ రాసుకునే పుస్తకం ఉంటుందా?"

హరనాథ్ సంచీలోంచి డైరీ తీశాడు. గుమాస్తా అందుకుని పుటలు తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. నా ప్రాణం ప్రతి పుటకూ ఒకసారి పోయి వస్తోంది. ఆగాడు. చదివాడు. అష్టమి: ఝార్సుగూడ రన్నింగ్ రూములో విశ్రాంతి. నవమి: పగలు పన్నెండు నలభైకి ఖరగ్‌పూర్‌లో డ్యూటీ దిగినట్టు సంతకం.

"అబ్బో!" అన్నాడు వెనకనుంచి ఎవడో. గోవిందరావు నోరు తెరుచుకునే ఉంది.

జడ్జిగారు ఇంకో రెండు తారీకులు అడిగారు. ఒకటి సరిపోయింది. రెండోది నాకు తెలీదన్నాను. బాలాంబ మీదొట్టు, నా జీవితంలో 'తెలీదు' అనడం అదే మొదలు. ఆ మాటకే ఆయన తల ఊపారు.

తర్వాత కోటేశ్వరిని అడిగారు, ఎవరి బలవంతమైనా ఉందా అని. "లేదండి. ఇద్దరం ఆలోసించుకునే వచ్చినాం." హరనాథ్‌నూ అడిగారు. అతను ఈసారి మర్నాటిదాకా ఆగలేదు. "లేదు సార్. ఆమె చదువుకోవాలి," అన్నాడు వెంటనే.

విడాకులు మంజూరయ్యాయి. కోటేశ్వరి కోర్టు మెట్ల మీదే నా భుజం పట్టుకుని ఎగిరినంత పని చేసింది. "తాతా, మీరు నిజం సెప్పినారు తాతా!" అని ఒకటే అరుపు. దారిన పోయేవాళ్ళు నాకేదో రోగం కుదిరిందనుకున్నారు.

ఇరవై అయిదో తారీకుకు కాగితం నకలు చేతికొచ్చింది. ఇరవై ఏడున ఆమె కటక్ బండెక్కింది. ట్రంకుపెట్టె హరనాథే మోసుకెళ్ళి సీటు కింద తోశాడు. బండి కదిలాక జెండా ఊపబోయి, తను డ్యూటీలో లేనని గుర్తొచ్చి చెయ్యి ఊపాడు.

మర్నాడు పొద్దున్న వాకిట్లో కూర్చున్నాను. నల్లపొగ కోసం చూస్తున్నాను. బాలాంబ ముందుజాగ్రత్తగా బట్టలు లోపలికి తెచ్చేసింది. హరనాథ్ ఇంటి ముందునుంచి తెల్లటి పొగ ఒకటి బుద్ధిగా పైకి లేచింది!

కాలనీ అంతా గుప్పుమంది. పంపు దగ్గరి ఆడవాళ్ళు బిందెలు వదిలి వచ్చారు. గోవిందరావు పంచె ఎగ్గట్టి పరిగెత్తుకొచ్చాడు. "బావా, తెల్లపొగ! పిల్ల తిరిగొచ్చీసిందేటి? ఏటి సూసినావు, సెప్పు బావా!"

నాలుక మీద ఒక బ్రహ్మాండమైన కథ పుట్టింది. రాత్రి గూడ్సు బండి, వానలో తడిసిన చీర, తలుపు కొట్టిన చప్పుడు, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి. అందరూ నా నోటికేసి చూస్తున్నారు. ఎదురింట్లో హరనాథ్ పొయ్యి ముందు కూర్చుని, ఆమె వదిలి వెళ్ళిన పిడకల్లోంచి ఒకటి విరిచి, ఊదుతూ దగ్గుతున్నాడు.

"కుర్రోడు పిడక ఎట్టడం నేర్సినాడు బావా," అన్నాను. "అంతే."

"అంతేనా?" అన్నాడు గోవిందరావు, కంచంలోంచి చేప లాగేసుకున్నట్టు మొహం పెట్టి.

"అంతే."

లోపల్నుంచి బాలాంబ పరుగున వచ్చి నా నుదురు మీద చెయ్యి పెట్టి చూసింది.