పొల్లు పోని జవాబు

ఎసెనామ్ పరీక్షలో రాసిన జవాబు బ్రహ్మాండంగా కుదిరింది. అదే ఆమె కొంప ముంచింది.

ఘానా నుంచి కెనడాలోని హాలిఫాక్స్ వచ్చి, అక్కడి ఒక యూనివర్సిటీలో నేలల శాస్త్రంలో చేరి నాలుగు నెలలు. పుస్తకం చూడకూడని పరీక్షలో ఆమె రాసింది పాఠ్యపుస్తకం నూట పద్నాలుగో పేజీతో కామాలతో సహా సరిపోయింది. కాపీ కొట్టావని అనుమానం, శుక్రవారం విచారణకు రమ్మని కబురు. తప్పని తేలితే ఏడాది బహిష్కారం. చదువు లేకపోతే దేశంలో ఉండే పర్మిట్ లేదు, పర్మిట్ లేకపోతే తిరుగు విమానమే.

ఆమె కాపీ కొట్టలేదు, బట్టీ పట్టింది. ఘానాలో హో అనే పట్టణంలో ఆమె చదివిన బడిలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పినవాళ్ళే తెలివైనవాళ్ళు. సొంత మాట కలిపితే మాస్టారు బెత్తం తీసేవాడు. పెద్దవాళ్ళు రాసిందాన్ని దిద్దడానికి నువ్వెవతివి?

గదిలో కలిసి ఉండే మావుసిదీ అదే ఊరు. సంగతి విని నెత్తి బాదుకుంది.

"ఒసేయ్ పిచ్చిదానా, ఇక్కడ రెండు మాటలైనా అటూ ఇటూ చెయ్యాలే! కామాలు కూడా దింపేశావా?"

"కామా వదిలేస్తే తప్పు కాదూ?"

"ఏడిసినట్టుంది. రేపు వెళ్ళి వాళ్ళకేం చెప్తావు?"

"ఏముంది, అప్పజెప్తాను."

విచారణకు అధ్యక్షురాలితో కలిపి ముగ్గురు కూర్చున్నారు. పాఠం చెప్పే ఫ్రేజర్ మేడమ్ ఓ పక్కన ఉంది. పెద్దల ముందు కదా అని ఎసెనామ్ తల దించుకుని నిలబడింది. వాళ్ళు దాన్ని నేరం ఒప్పుకోవడం కింద జమకట్టారు. ఇదెక్కడి గోలరా నాయనా! పుస్తకం తెరిచి చూడమని ఎసెనామే అడిగింది. చేతులు వెనక్కి కట్టుకుని గడగడా మొదలుపెట్టింది. అధ్యక్షురాలు వరుసల వెంట వేలు నడిపింది. రెండో పేరాలో ఒక అచ్చుతప్పు ఉంది. పిల్ల దాన్నీ వదల్లేదు.

"చాలమ్మా, చాలు! ఇది కాపీ కాదు," అని అధ్యక్షురాలు కాగితం మీద రాసేసింది. పర్మిట్ దక్కింది. ఎసెనామ్‌కు ఏడుపొచ్చేంత సంతోషమేసింది.

ఫ్రేజర్ మాత్రం వదల్లేదు.

"ఒక్కమాట. పొలం తగలబెట్టే రైతులకు నేల విలువ తెలియదని ఇప్పుడు అప్పజెప్పావు కదా. నువ్వేమంటావు?"

"పుస్తకంలో అలాగే ఉందండీ."

"పుస్తకం సంగతి కాదు, నీ సంగతి."

ఆ ప్రశ్న పుట్టి బుద్ధెరిగి ఆమెనెవరూ అడగలేదు.

"మా అమ్మ తగలబెడుతుందండీ. వానలకు ముందు, గాలి లేని పూట చూసి, కర్రపెండలం నాటే పొలం చెక్క వరకే. పంట తీశాక మూడేళ్ళు ఆ చెక్క జోలికి పోదు. నేల విలువ ఆవిడకు తెలుసు. ఇది రాసినాయన ఆవిడనడగలేదు."

"మరి పరీక్షలో ఈ ముక్క రాయలేదేం?"

"మార్కులు కావాలి కదండీ," అంది ఎసెనామ్. "పేజీ అంతా ఒక్క పూటలో వచ్చేసింది. మా అమ్మను తిట్టిన ఆ ఒక్క వాక్యం నోటికి రావడానికే మూడు రోజులు పట్టింది."