ఏడో రాయి మీద బాణం

రాళ్లు కోసే ఆ గదిలో అత్తగారిది ముప్ఫై ఏళ్ల సర్వీసు. రాళ్లను పరిశోధించే ఆ సంస్థలో అందరూ ఆవిడను కోతమ్మ అంటారు. పేరుకు కోతమ్మే గానీ కోతలు కోసే మనిషి కాదు. ఏ రాయిని ఎక్కడ కోయాలో, గాజుపలకకు అతికించి ఎంత పలచగా అరగదీస్తే వెలుగు అవతలికి దాటుతుందో ఆవిడ వేళ్లకు తెలుసు. అదే సంస్థకు కోడలు పరిశోధకురాలిగా వచ్చినప్పుడు నలుగురూ నవ్వుకున్నారు, ఇంట్లో చాలక ఇక్కడ కూడానా అని. వాళ్లు ఎదురుచూసిన తమాషా ఏదీ జరగలేదు. ఇద్దరూ ఒకే క్యారేజీ తెచ్చుకుని, ఒకే బల్ల దగ్గర కూర్చుని తినేవారు.

జరిగిందల్లా రెండేళ్ల కిందట ఒక్క పొద్దున.

ఆ పొద్దున పొయ్యి ఆర్పడం మరిచిపోయింది అత్తగారు. గిన్నె మాడింది. "ఈమధ్య మీకు మతిమరుపు ఎక్కువవుతోంది అత్తయ్యా" అంది కోడలు గిన్నె తోముతూ. అంతకు మించి ఒక్క మాట అనలేదు. అత్త కొట్టింది అడుగోటి కుండ, కోడలు కొట్టింది కొత్త కుండ అనే రోజులు పోయాయి కాబోలు అనుకుంటూ, ఈవిడ ముడుచుకున్న మూతితోనే పనిలోకి వెళ్లింది. అక్కడ కోడలు కొండల నుంచి తెచ్చిన పన్నెండు రాళ్లున్నాయి. నేలలో ఉన్నప్పుడు ఏ వైపు పైకి ఉందో తెలియడానికి, పెకలించే ముందే ఒక్కో రాయి మీదా సిరాతో ఒక బాణం గీస్తారు. ఏడో రాయి నిండా మట్టే. కోపమంతా దాని మీద చూపించి రుద్ది రుద్ది కడిగింది. తీరా చూస్తే మట్టితోపాటు బాణం కూడా పోయింది.

వెళ్లి చెబితే సరిపోయేది. కోడలు రెండు గదుల అవతలే ఉంది. కానీ పొద్దుటి మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది, ఒకే రోజు రెండు తప్పులు ఒప్పుకోవడానికి ఈవిడకు మనసొప్పలేదు. రాయిని ఇటూ అటూ తిప్పింది. విరిగిన వైపు పొరలు పొరలుగా చిన్న చిన్న బుడిపెలు కనిపించాయి. బుడిపెలు పైకే ఉంటాయిలే అనుకుని, అటే బాణం గీసేసింది.

ఆ తర్వాత ఆ సంగతి ఒక్క రోజు కూడా మరవలేదు. ఉన్న మతిమరుపు కూడా ఈ ఒక్క విషయంలో సాయం చేయలేదు.

ఇవాళ మధ్యాహ్నం భోజనాలయ్యాక కోడలు ఆ రాయిని తెచ్చి బల్ల మీద పెట్టింది. వచ్చే వారం పెద్ద సభలో పత్రం చదవాలి. ముందు అత్తగారికి వినిపిస్తుందట.

"మీకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే అత్తయ్యా. ఇది చెట్టూ చేమా, చేపా పురుగూ ఏవీ లేని కాలంది. అప్పుడున్నవల్లా కంటికి కనపడని సూక్ష్మజీవులే. లోతులేని నీళ్లలో పాల మీద మీగడలా జిగురుగా పరుచుకునేవి. ఆ జిగురుకి సన్నటి మట్టి అంటుకునేది. కింద ఎండ అందక అవి మట్టి పైకి పాకి మళ్లీ పరుచుకునేవి. అలా పొర మీద పొర. జీవులు పోయాయి, పొరలు రాయైపోయాయి."

"ఉత్త మట్టి నలిగినా ఇలాగే మడతలు పడుతుంది కదమ్మా" అంది అత్తగారు.

"పడుతుంది. నలిగితే బుడిపెలు ఎటైనా ఉండొచ్చు. ఎండ కోసం పెరిగితే మాత్రం పైకే ఉండాలి. అందుకే బాణం ముఖ్యం. మిగతా రాళ్లన్నీ పై పొరలవి, అలాంటివి ఇదివరకే దొరికాయి. ఇది అన్నిటికంటే అడుగు పొరది, అంటే అన్నిటికంటే పాతది. మా పనంతా దీని మీదే నిలబడింది."

"ఆ చోటికి మళ్లీ వెళ్లి చూడొచ్చా?"

"ఇంకెక్కడి చోటు? ఈ రాయి తీసిన కొండ క్వారీ గొయ్యి నిరుడే నీళ్లతో నిండిపోయింది. ఇక ఈ బాణమే ఆధారం."

అత్తగారి గుండెల్లో రాయి పడింది. రాళ్లతోనే బతికిన మనిషికి కూడా ఆ బరువు కొత్తే. ఈ పిల్ల రెండేళ్లు సెలవు రోజుల్లో కూడా సూక్ష్మదర్శినికి కన్ను ఆనించి కూర్చుంది, తను గీసిన గీతను నమ్మి. చెబితే ఆ కష్టమంతా నీళ్లపాలు. చెప్పకపోతే తన అబద్ధాన్ని కోడలి నోట సభలో చెప్పించినట్టు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

"ఆ బాణం నువ్వు గీసింది కాదమ్మా. నీది నేను కడిగేశాను. బుడిపెలు చూసి, ఇదే పైవైపని నేనే గీశాను."

కోడలు రాయిని చేతిలోకి తీసుకుంది. "అంటే బుడిపెలు చూసి మీరు బాణం గీశారు. ఆ బాణం చూసి బుడిపెలు పైకి ఉన్నాయని నేను రాశాను" అంది నెమ్మదిగా. "అప్పుడే చెప్పి ఉంటే ఏ వైపు పైకి ఉందో నాకు గుర్తుండేది కదా. ఎందుకు చెప్పలేదు?"

"గిన్నె మాడిన రోజమ్మా అది. నువ్వో మాట అన్నావు."

"ఏ గిన్నె?"

ఆమెకు నిజంగానే గుర్తులేదు. అత్తగారికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కోడలు పత్రం ముందుకు లాక్కుని ఏడో రాయి గురించి ఉన్న పేజీలన్నీ కొట్టేసింది. ఆ తర్వాత లేచి వెళ్లి, మిగతా పదకొండు రాళ్లనూ ట్రేలో పెట్టి తెచ్చింది. భూతద్దం తీసి ఒక్కో బాణమూ తన చేతి గీతేనా అని పట్టి పట్టి చూడసాగింది.

"అవన్నీ నువ్వు గీసినవేనమ్మా, ఒట్టు" అంది అత్తగారు.

"ఊఁ" అంది కోడలు, చూడడం మాత్రం ఆపలేదు. పదకొండూ అయ్యేసరికి గంట పట్టింది. ఆ గంటసేపూ అత్తగారు ఎదురుగా స్టూలు మీద అలాగే కూర్చుంది.

"రేపటి నుంచి నా రాళ్లు నేనే కడుక్కుంటాను అత్తయ్యా."

గొంతులో కోపం లేదు. కోపమే ఉండుంటే ఈవిడ తిరిగి ఒక మాటైనా అనగలిగేది.

"సరేనమ్మా" అంది.