చుక్కల మందుకు పూచీ ఎవరు

ఆసుపత్రిలో మందు ఎక్కించే పంపుకు ప్రోగ్రామ్ రాయకముందే, అది ఏం చేయాలో, ఏం చేయకూడదో లెక్కలా నిరూపించగలిగేలా రాసిపెట్టడం ఆ అక్కాతమ్ముళ్ళ ఉద్యోగం. చిక్కల్లా ఒక్కటే. అలారం జట్టుకు పెద్ద అయిన అక్క గళ్ళు గీసి పట్టికల్లో రాస్తుంది. పంపు జట్టుకు పెద్ద అయిన తమ్ముడు అన్నీ సమీకరణాల్లోనే రాస్తాడు. శుక్రవారంలోగా ఇద్దరూ కలిసి ఒక ఉమ్మడి పద్ధతి తేల్చకపోతే, ఒకరిది ఉంచి రెండోది చెత్తబుట్టలో పడేస్తామని పైవాళ్ళు తెగేసి చెప్పారు. అక్క పట్టికలకు పదకొండేళ్ళు. తమ్ముడి చేతిలో అవి ఓడిపోతే ఆమె తట్టుకోలేదు. వాడు ఓడిపోయినా తట్టుకోలేదు, అదే అసలు బాధ.

మంగళవారం పొద్దున్నుంచీ అద్దాల గదిలో ఒకటే వాదన.

"నీ గళ్ళు నింపేసరికి నేను రిటైరైపోతానక్కా."

"నీ సమీకరణాలు అర్థం కావాలంటే నేను మళ్ళీ పుట్టాల్రా."

ఒంటిగంటన్నరకు అక్క ఫోన్ మోగింది. అమ్మ. ఆమెకు కంటి ఆపరేషన్ అయి నాలుగు రోజులైంది.

"చుక్కలు వెయ్యడానికి ఎవరైనా వస్తున్నారా అమ్మడూ? పన్నెండు నుంచీ తల వెనక్కి వాల్చుకుని కూర్చున్నా. మెడ పట్టేసింది."

"పక్కింటి పిన్నికి నువ్వు చెప్పావనుకున్నా!" అంది అక్క తమ్ముడితో.

"నువ్వు చెప్పావని నేననుకున్నా!" అన్నాడు వాడు.

ఇల్లు పది నిమిషాల దూరం. దారి పొడుగునా తప్పు నీదంటే నీదని తిట్టుకుంటూనే వెళ్ళారు. తీరా అమ్మ కంట్లో రెండు చుక్కలు వేసి, సీసా మూత బిగిస్తూ అక్క ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఒరేయ్, గొట్టంలో గాలి చేరితే పంపును ఆపేదెవరు?"

"మీ అలారం ఆపుతుందని రాసుకున్నాం."

"అలారం మోగేసరికే పంపు దానంతటదే ఆగి ఉంటుందని మేం రాసుకున్నాం."

ఎవరి రాత వాళ్ళకు తిరుగులేకుండా నిరూపణ అయింది. రెండూ కలిపి చూస్తే పంపును ఆపే నాథుడే లేడు. తమ్ముడి మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

అక్క మందుల కవరు చింపి వెనకవైపు తిప్పింది. "పట్టికలూ ఉండనీ, సమీకరణాలూ ఉండనీ. ఎవరేది రాసినా, 'ఇది వేరేవాళ్ళు చూసుకుంటారు' అనుకున్న ప్రతిచోటా పూచీ ఎవరో పేరు పెట్టాలి. ఆ పేరుగలవాళ్ళు ఒప్పుకున్నట్టు వాళ్ళ రాతలోనూ కనబడాలి. లేదంటే రాతలు సరిచూసే యంత్రం మనల్ని ముందుకు కదలనివ్వకూడదు. అంతే, మన ఉమ్మడి పద్ధతి ఇదే."

వాడు పెన్ను తీశాడు. "ముందు అమ్మ చుక్కల మీదే పరీక్షిద్దాం."

పొద్దున చుక్కలకు పూచీ అక్క. మధ్యాహ్నం తమ్ముడు. ఐదు నిమిషాలు కళ్ళు మూసుకుని ఉండటానికి అమ్మ.

"మూసుకునే ఉన్నాలే. నేననుకున్నది కూడా ఒకటి రాయండి," అంది అమ్మ. "నా కన్ను బాగయ్యాక కూడా మీరిద్దరూ ఇలా కలిసి వస్తూనే ఉంటారనుకున్నా."

తమ్ముడు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, తన చేత్తో ఒక గడి గీసి అందులో ఇద్దరి పేర్లూ రాశాడు. గీత వంకరగా వచ్చింది. అక్క దాన్ని దిద్దలేదు.