వెంకటరావమ్మ చేతి తీర్పు

విజయవాడ వన్‌టౌన్‌లో మా బట్టల బజారుకి ఒక అలవాటుంది. చీర చేనేతదా, మరమగ్గందా అని తగాదా వస్తే ముందు వకీలు దగ్గరికి పోరు, వెంకటరావమ్మ కొట్టుకి పోతారు. ఆవిడ కళ్ళు మూసుకుని చీర అంచుని బొటనవేలి కింద జార్చుకుంటూ పోయి ఒక్క మాట చెబుతుంది. చేనేతంటే చేనేతే, కాదంటే కాదు. పెడన దగ్గర నేతగాళ్ల ఇంట్లో మగ్గం చప్పుడు మధ్య పుట్టిన మనిషి. ఆ మాట మీద ఎన్ని గొడవలు కోర్టు మెట్లెక్కకుండా ఆగిపోయాయో లెక్కలేదు.

అంతటి మనిషికి హరిచందన పేరు వినబడితే అన్నం సహించేది కాదు.

హరిచందన ఆవిడ కొట్లోనే చీరలు మడతపెట్టి పని నేర్చుకుంది. నేర్చుకుని సరిగ్గా ఎదురుగా కొట్టు తెరిచింది. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఇదేనని రావమ్మ వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పేది. ఆ పిల్ల చీర భుజాన వేసుకుని ఫోన్ ముందు నాలుగు ముక్కలు మాట్లాడితే చాలు, గన్నవరంలో విమానం దిగినవాళ్లు పెట్టెలతో సహా అక్కడికే వచ్చేవాళ్లు. రావమ్మ కొట్లో మాత్రం ఫ్యాన్లు ఉత్తినే తిరిగేవి. బట్ట చూడటం నా దగ్గర నేర్చింది, సరే, ఆ నవ్వడం ఎవరి దగ్గర నేర్చింది అని ఆవిడకి పగలంతా కడుపు మంట.

ఒకరోజు మధ్యాహ్నం ఆ పిల్లే మెట్లెక్కి వచ్చింది. వెనక ఇద్దరున్నారు. ఒకావిడ కాలేజీ లెక్చరర్ రమాసుందరి, ఇంకొకాయన ఆవిడ భర్త దత్తాత్రేయ, లాయరు.

"అమ్మా, ఈ చీర మా కొట్లో కొన్నారు. నేత మరీ సాపుగా ఉంది, మిషను మీద నేసిందని పెళ్లిలో ఎవరో అన్నారంట" అంది హరిచందన.

"చేనేత గుర్తు కూడా కుట్టి ఉందండీ దీనికి. మరమగ్గం బట్టకి ఈ గుర్తు వేసి అమ్మితే మోసం కిందకొస్తుంది" అన్నాడు దత్తాత్రేయ. "వినియోగదారుల కమిషన్‌లో వేద్దామనే అనుకున్నాం. ముందు మిమ్మల్ని అడగమని ఈ అమ్మాయి బతిమాలింది. మీరు చేనేతంటే ఇక్కడితో వదిలేస్తాం."

కేసు పడితే కొట్టు నిలవదు. ఫోన్‌లో వచ్చిన పేరు ఫోన్‌లోనే పోతుంది. హరిచందనకీ ఆ సంగతి తెలుసు, రావమ్మకి ఇంకా బాగా తెలుసు.

ఆవిడ కళ్ళు మూసుకుంది. అంచు బొటనవేలి కింద కదిలింది. బట్టని మగ్గం మీద సాగదీసి పట్టే కర్రకుండే సూదుల గుర్తులు వేలికి తగిలాయి. అక్షరాలా చేనేత. అదీ ఎలాంటి చేనేత, ఈమధ్య తన కొట్లోకి అలాంటి చీర ఒక్కటీ రాలేదు. ఇంత మంచి బట్ట దీనికెక్కడ దొరికింది? ఆ ప్రశ్నతో ఆవిడ ఒళ్ళంతా మండిపోయింది.

"మరమగ్గమే" అంది కళ్ళు తెరవకుండా.

"మీరు చెప్పాక ఇంకేముందమ్మా" అని హరిచందన చీర తీసుకుని వెళ్లిపోయింది. ఆ పూట రావమ్మ మారు అన్నం పెట్టించుకుని తిన్నది.

వారం తిరగకముందే చౌడయ్య వచ్చాడు. రావమ్మకి పెదనాన్న కొడుకు. చిన్నప్పుడు ఆవిడని మగ్గం గుంటలో పక్కన కూర్చోబెట్టుకుని నేత నేర్పింది ఆయనే. పెడనలో ఎక్కిన బస్సు దిగి నేరుగా వచ్చినట్టున్నాడు, చొక్కా చెమటతో తడిసిపోయింది. మంచినీళ్లు ఇస్తే ముట్టుకోలేదు.

"లాయరు గారు ఆ ఎదురుకొట్టు పిల్లతో పాటు నాకూ నోటీసు పంపించాడు రావమ్మా. చీర మీదున్న గుర్తు నా పేరు మీద ఇచ్చిందేగా. నేను మిషను బట్టకి నా గుర్తు అమ్ముకుంటున్నానంట. మీ చెల్లెలే చెప్పిందన్నాడు."

రావమ్మ నోట వచ్చిన మొదటి మాట అసూయదే.

"నాకు చెప్పకుండా ఆ పిల్లకి నేసిచ్చావా అన్నయ్యా?"

"నువ్వు సరుకు తీసుకోవడం మానేశావు. మగ్గం విప్పేసి ఆటోనగర్‌లో లారీల కింద దూరి పానాలు పట్టుకోమంటావా? ఆ పిల్ల ఇంటికొచ్చి, నేతంతా చూసి, అంచు నువ్వు పట్టుకున్నట్టే పట్టుకుని తీసుకెళ్లింది." ఆయన గొంతు పెంచలేదు. "గుర్తు రద్దు చేస్తే నా బట్ట ఎవరూ ముట్టరు. ఒక్కటి చెప్పు. నీ చెయ్యి పోయిందా, నోరు పోయిందా?"

రావమ్మ ఎదురు కొట్టువైపు చూసింది. నోరు పోయిందంటే దొంగమాట ఒప్పుకున్నట్టు. బజారు దాన్ని మన్నించదు. చెయ్యి పోయిందంటే జాలి పడి ఊరుకుంటారు. కానీ ఆ చెయ్యి తప్ప ఆవిడకి ఈ బజారులో ఇంకేముంది?

ఎప్పుడూ తొక్కని హరిచందన కొట్టు గుమ్మం ఆ రోజు తొక్కింది. రమాసుందరినీ ఆవిడ భర్తనీ పిలిపించారు. చుట్టుపక్కల కొట్లవాళ్లం కూడా చేరాం.

"ఆ చీర చేనేతదే. మా అన్నయ్య నేసింది. నా చేతికే తెలియలేదు, వయసైపోయింది" అంది రావమ్మ తల దించుకుని.

లాయరు నోటీసు వెనక్కి తీసుకుంటానన్నాడు. చౌడయ్య కండువాతో ముఖం తుడుచుకున్నాడు. పోన్లెండి, ఎంత లేదన్నా పెద్ద వయసు అని అందరం అన్నాం. హరిచందన మాత్రం ఏళ్ల తరబడి ఆ బొటనవేలి పక్కనే నిలబడ్డ పిల్ల. ఆ చెయ్యి తప్పదని దానికి తెలుసు. తెలిసి కూడా కుర్చీ లాగి, "కూర్చోండమ్మా" అంది. ఆ మంచితనానికి రావమ్మకి ఇంకా మండింది.

మర్నాడు ఉయ్యూరు నుంచి ఒక వ్యాపారి చీర చంకలో పెట్టుకుని తగాదా తీర్చుకోవడానికి వచ్చాడు. నేరుగా హరిచందన కొట్టుకే వెళ్లాడు. రోడ్డు ఇరుకు, మాటలన్నీ వినపడతాయి.

"నాకంత తెలీదండీ. ఎదురుగా అమ్మగారున్నారు, అక్కడ అడగండి" అంది హరిచందన.

"ఆవిడ చెయ్యి పోయిందంట కదమ్మా. ఆవిడే చెప్పుకుందంటగా. నువ్వే చూడు."

రావమ్మ గల్లాపెట్టె దగ్గర కూర్చుని అంతా విన్నది. హరిచందన ఇటు చూసింది, ఆ మాట అవునో కాదో చెప్పమన్నట్టు. రావమ్మ అవునన్నట్టు తల ఊపింది. ఆ పిల్ల కళ్ళు మూసుకుని అంచు పట్టుకుంది.