పెద్దాయన ఎంత ఎత్తు లేస్తే అంత రుచి

తెల్లారితే ఆ ఇంట్లో ముందు వినిపించేది చాకు చప్పుడు. ముసలావిడ నారింజ తొక్క తీస్తుంది. తొక్కలు ఒక జాడీలో, సోంపు ఒక జాడీలో, కాఫీ గింజలు, పుదీనా, పచ్చి అక్రోటు కాయలు తలో జాడీలో సారాలో ఊరతాయి. ఊరాక వడగట్టి పాకం కలిపితే లిక్యూరు. సోంపుకీ జీలకర్రకీ తేడా తెలియని నేను ఈ కథ చెప్పడం, చెవిటివాడు కచేరీలో తాళం వేయడమే. అయినా వేస్తాను.

మధ్యాహ్నం రుచి చూసేది ఆవిడ మొగుడు. చెంచాడు నోట్లో పోసుకోగానే పెద్దాయన నేల విడిచి లేస్తాడు. సరుకు బాగుంటే మూరెడు, ఓ మాదిరైతే బెత్తెడు. వీధిలోవాళ్ళు కిటికీలోంచి చూసి, "ఇవాళ కాఫీది బాగా కుదిరినట్టుందే" అనుకుంటూ పోయేవారు.

అమ్మకాలు చూసే అల్లుడికే తొందర. "మామయ్యగారూ, నెలల తరబడి ఊరబెట్టడం దేనికి? ఎసెన్సు చుక్క వేస్తే సాయంత్రానికి సీసా తయారు. మీరు లేవని రోజు ఈ జాడీలన్నీ తీసేయిస్తాను."

"లేవని రోజు చూద్దాంలే," అన్నాడు పెద్దాయన. గొంతు మాత్రం నేల మీదే ఉంది.

ఆ రోజు నారింజది. పెద్దాయన బల్ల వెనక నిలబడి చెంచాడు మింగాడు, కళ్ళు మూశాడు, మూరెడు లేచాడు. అల్లుడు చటుక్కున వంగి బల్లగుడ్డ ఎత్తాడు.

పెద్దాయన కాళ్ళ కింద సీసాల పెట్టె!

కిటికీ దగ్గర పాలాయన చేతిలో క్యాను జారిపోయింది. "పెట్టె ఎక్కాడు! మనిషి పెట్టె ఎక్కాడు!" అని వీధంతా గుండెలు బాదుకుంది. గాల్లో తేలే మనిషిని చూసి ఒక్కనాడూ ఆశ్చర్యపోనివాళ్ళు, పెట్టె మీద నిలబడ్డ మనిషిని చూసి కొయ్యబారిపోయారు.

"జలుబుతో పోయిన రుచి మళ్ళీ రాలేదు అల్లుడూ," అంటూ పెద్దాయన దిగాడు.

"పెట్టింది నేనే," అంది ముసలావిడ. "బాగుంటే ఎత్తు పెట్టె, ఓ మాదిరైతే పొట్టి పెట్టె."

"బాగుందో లేదో మీకెలా తెలుసు అత్తయ్యగారూ?"

ఆవిడ ఏప్రన్ జేబుల్లోంచి తూకం రాళ్ళు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది. నారింజది చెంచాడు నోట్లో పోసుకుంది. పైకప్పుకి వీపు తగిలేదాకా లేచింది. చెప్పు ఊడి అల్లుడి నెత్తిన పడింది.

పెద్దాయన తలెత్తి పైకప్పుకేసి చూశాడు. "ఒసేయ్... పెళ్ళైనప్పటి నించీనా?"

"మీరు లేస్తుంటే ముద్దొచ్చేవారు. ఇద్దరం లేస్తే పొయ్యి మీద పాకం ఎవరు చూస్తారు?"

ఆయన చిన్నపిల్లాడిలా అడిగాడు. "ఎలా ఉందే నారింజ?"

"ముందు తీపి. ఆగండి... ఇప్పుడు తొక్క. గిల్లితే కంట్లోకి చిమ్మి మండుతుందే, అదీ. వెనకాల వాన పడబోయే ముందు చల్లదనం."

ఆయన నాలుక చప్పరించాడు. "ఆఁ!" అన్నాడు.

అల్లుడు నేల మీద బోర్లా పడుకుని మామగారి మడమల కింద అరచెయ్యి దూర్చాడు. చెయ్యి అవతలికి వచ్చేసింది. అలాగే పడుకుని పైకి చూస్తూ, "అత్తయ్యగారూ," అన్నాడు, "కాఫీది కూడా కాస్త చెప్పండి."