మా అబ్బాతో చూసిన సినిమా

మా కొట్లో ఒక రూలుంది. ఆల్‌టైమ్ ఫేవరెట్ సినిమా ఏదో చెప్పి ఊరుకుంటే కుదరదు, ఎవరితో చూశావో కూడా చెప్పాలి. చెప్పకపోతే ఆ సినిమా లెక్కలోకి రాదు. రూలు పెట్టింది నేనే. వన్‌టౌన్‌లో నాది జాకెట్లు కుట్టే కొట్టు. ఆదివారం మధ్యాహ్నం మిషన్ ఆపి, సినిమా పిచ్చి ఉన్న ఆడాళ్ళం నలుగురం కూర్చుంటాం. అరుచుకుంటాం, ఒకళ్ళ హీరోని ఒకళ్ళం తిట్టుకుంటాం, మళ్ళీ ఒకే ప్లేట్లో పునుగులు తింటాం.

అందరూ చెప్పేశారు, నేను తప్ప. "ఆస్మా, నీదెప్పుడు?" అని ప్రాణం తీసేవాళ్ళు. నేను మాట మార్చేసేదాన్ని.

మా అబ్బా ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ చేసేవాడు. నన్ను మ్యాట్నీకి తీసుకెళ్ళి, కుర్చీలో కళ్ళు మూసుకునేవాడు. తిరిగొచ్చేటప్పుడు సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని, "నిద్రపోయాను బేటీ, కథ చెప్పు" అనేవాడు. చెరుకు తోటల పక్కన ఇంటిదాకా ఫైటింగులతో సహా చెప్పేదాన్ని. పడవ నడిపే అన్నదమ్ముల సినిమా చూసొచ్చిన రోజు నేనొక సీను మర్చిపోతే ఆయనే అందించాడు. అప్పుడు తెలిసింది, అసలు నిద్రే పోలేదని. నేను చెబుతుంటే వినాలని ఆయన ఆశ.

ఈ మాట ఒక్క రాజ్యశ్రీకే చెప్పా, అబ్బా పోయిన రోజున, దాని భుజం మీద తలపెట్టి ఏడుస్తూ. చీరల వ్యాపారం వాళ్ళమ్మాయి, చిన్నప్పట్నుంచీ నా ప్రాణ స్నేహితురాలు. అప్పుడప్పుడూ మా ఆదివారం గుంపులోకీ వస్తుంది.

మొన్న ఆదివారం మా గుంపులో చిన్నది, మార్త, ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "అక్కా, రాజ్యశ్రీ అక్క వీడియో చూశావా? చూసినోళ్ళంతా ఏడుస్తున్నారు!" ఫేవరెట్ సినిమా మీద ఎవరో యూట్యూబ్ వాళ్ళు పోటీ పెట్టారట. దాన్లో రాజ్యశ్రీ కళ్ళొత్తుకుంటూ చెబుతోంది: సైకిలు, చెరుకు తోటలు, మర్చిపోయిన సీను. నేను 'అబ్బా' అన్నచోటల్లా అది 'నాన్న' అంది, అంతే తేడా. యా అల్లా, వాళ్ళ నాన్న జన్మలో సైకిలెక్కిన మనిషి కాదు! ఆ సంగతి అక్కడ నాకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

అంతలో రాజ్యశ్రీ నవ్వుకుంటూ వచ్చింది. నాకు ఒళ్ళు మండిపోయింది. "సిగ్గుందా నీకు? అది మా అబ్బా కథ!" అని అరిచా. అందరూ దానివైపు చూశారు. 'అవును' అంటే చాలు. తిట్టి, ఏడ్చి, వదిలేసేదాన్నేమో.

అది నా చెయ్యి పట్టుకుంది. "పాపం, వాళ్ళ నాన్న పోయిన దగ్గర్నుంచీ ఇంతే. నేను మా నాన్న గురించి చెప్పుకున్నవన్నీ తన నాన్నవే అనుకుంటుంది" అని వాళ్ళతో మెల్లగా అంది. నా కళ్ళలోకి మాత్రం చూడలేదు.

ఒట్టేశా. అబద్ధమాడుతోందని గగ్గోలు పెట్టా. నేనెంత అరిస్తే వాళ్ళంత జాలిగా చూశారు. మాలో పెద్దావిడ చౌడేశ్వరమ్మ గారు మంచినీళ్ళిచ్చి, "పోన్లేమ్మా, నీ సినిమా నువ్వు చెప్పు. ఎవరితో చూశావ్?" అని చంటిపిల్లని అడిగినట్టు అడిగారు.

నోరు తెరిచా. మా అబ్బా పేరెత్తితే మళ్ళీ ఆ జాలి చూపులే. రాజ్యశ్రీ ఇంకా నా చెయ్యి వదల్లేదు.

"గుర్తులేదండీ" అన్నా.

కన్నతండ్రి గుర్తులేడని అది నా నోటితోనే అనిపించింది.