కళ్లు లేని కుందేళ్లు

నాకు కోపం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. ఎక్కువేమీ కాదు, కావలసినంతే ఉంది. పసిపిల్లల బొమ్మకి కళ్లు ఎలా పెట్టాలో తెలియని వాళ్లు బొమ్మలు అమ్ముకుంటున్న లోకంలో ఆ మాత్రం లేకపోతే ఎలా?

ముందు ఆ కళ్ల సంగతి చెప్పాలి. నేను పగలు బట్టలు సరిచేసే దుకాణంలో పని చేస్తాను. ప్యాంట్లు పొట్టి చెయ్యడం, చొక్కాలు వదులు చెయ్యడం, జిప్పులు మార్చడం. ఇంటికొచ్చాక క్రోషే సూదితో గిలక్కాయలు అల్లుతాను. మామూలు గిలక్కాయలు కావు, పిడికిలంత కుందేలు బొమ్మలు. ఆరు కుట్లతో మొదలుపెట్టి, వరసకి ఆరేసి పెంచుకుంటూ పోయి, తల గుండ్రంగా వచ్చాక మళ్లీ తగ్గించుకుంటూ రావాలి. ఇంకా మూసుకోకముందే లోపల దూది కూరి, ఆ దూది మధ్యలో పూసలు వేసి గట్టిగా మూసిన చిన్న ప్లాస్టిక్ డబ్బీ పెట్టాలి. డబ్బీకి అన్ని వైపులా దూది ఉండాలి, పిల్ల చేతికి గట్టిగా తగలకూడదు. కుట్టు ఎంత బిగువుగా రావాలంటే సూదిమొన కూడా కష్టపడి దూరాలి. వదులైతే దూది పోగులు పోగులుగా బయటికొచ్చి పిల్ల నోట్లోకి పోతుంది.

కళ్లు దారంతోనే కుట్టాలి. అది కూడా ముడి లోపలికి పోయేటట్టు. పసిపిల్లకి బొమ్మంటే ఆడుకునేది కాదు, తినేది. ఏది దొరికినా నోట్లోకే. పూసో గుండీయో అంటించారంటే దాన్ని చప్పరించి చప్పరించి ఊడబెరుకుతుంది. ఊడింది గొంతుకి అడ్డం పడ్డాక ఎవరెన్ని చేసినా చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే. ఇది తెలియడానికి పెద్ద చదువులు అక్కర్లేదు, ఒక్క పూట పిల్లని ఎత్తుకుంటే చాలు.

మా తమ్ముడి కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు ఆరో నెల. మేనకోడలు ఉద్యోగానికి వెళ్తే పిల్లని మా మరదలే చూసుకుంటుంది. ఆ పిల్లకని లేతపసుపు దారంతో ఒక కుందేలు అల్లి తీసుకెళ్లాను. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఒక కన్ను కాస్త కిందికి జారినట్టు అనిపించి రెండుసార్లు విప్పి కుట్టాను. మా మరదలు దాన్ని రెండు వేళ్లతో తోక పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"బాగుంది వదినా. కానీ ఇంట్లో అల్లినవి పిల్ల నోట్లో పెట్టాలంటే భయం. షాపులోవైతే టెస్టు చేసి అమ్ముతారు, డబ్బా మీద రాసి ఉంటుంది," అంది.

తీసుకెళ్లి టీవీ పక్కన అద్దాల బీరువాలో, గాజు బాతుల మధ్య కూర్చోబెట్టింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ బట్టలన్నీ నేనే సరిచేస్తున్నాను. ఏటేటా నడుము దగ్గర ఎంత వదులు చేశానో ఆవిడకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. ఆ బట్టలు మాత్రం ఏ టెస్టూ లేకుండానే ఒంటి మీదికెక్కాయి. అయినా ఆ రోజు నోరు మూసుకున్నాను. నేను నోరు మూసుకున్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, అందులో అదొకటి.

ఆ నెలలోనే, మా దుకాణం వీధి చివర పసిపిల్లల సామాన్లు అమ్మే కొట్టాయన నా కుందేళ్లు చూసి డజను అడిగాడు.

"మొహాలు మాత్రం మాకు వదిలెయ్యండి, మా వర్కరు చేత చేయించుకుంటాం," అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఒళ్లంతా అల్లడం ఒకెత్తు, రెండు కళ్లూ ఒక్కలా కుట్టడం ఒకెత్తు. మణికట్టు నొప్పితో పన్నెండు జతల కళ్లంటే మాటలా. తల మూసేశాక కళ్లు కుట్టడం కాస్త కష్టమే గానీ చేతనైనవాళ్లు ముడిని లోపలికి లాగేస్తే సరిపోతుంది. పన్నెండు గుడ్డి కుందేళ్లని సంచిలో వేసి ఇచ్చొచ్చాను.

మూడు వారాల తరవాత, ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్లని చూద్దామని మరదలింటికి వెళ్లాను. పిల్ల చాప మీద బోర్లా పడుకుని ఒక నీలం కుందేల్ని నములుతోంది. పక్కనే దాని అట్టడబ్బా. దాని మీద నాలుగు నక్షత్రాలు, కింద బంగారు రంగులో "సురక్షితం, పరీక్షించబడింది" అన్న అక్షరాలు.

"చూశారా వదినా, ఎంత ముద్దుగా ఉందో. మీరల్లినట్టే ఉంటుంది గానీ, ఎంతైనా షాపు ఫినిషింగు షాపుదే," అంది మరదలు.

నాది పుర్రచెయ్యి. చిన్నప్పుడు దానికోసం బళ్లో దెబ్బలు కూడా తిన్నాను. కుడిచేత్తో అల్లేవాళ్ల కుట్లు ఒక పక్కకి ఒరుగుతూ చుట్టుకుంటే, నావి రెండో పక్కకి ఒరుగుతాయి. వంద బొమ్మల్లో కలిపేసినా నాదేదో దూరాన్నుంచే పోల్చుకోగలను. ఆ కుందేలు కుట్లు నావి. ఆ కళ్లు నావి కావు. శనగగింజంత ప్లాస్టిక్ పూసలు రెండు, నల్లగా నిగనిగలాడుతున్నాయి. వాటి అంచుల్లో ఎండిపోయిన జిగురు తెల్లగా కనిపిస్తోంది. పిల్ల ఒక పూసని చిగుళ్ల మధ్య ఇరికించుకుని లాగుతోంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. వంగి కుందేల్ని లాక్కున్నాను. పిల్ల ఏడుపు అందుకుంది.

"అదేంటి వదినా, పసిపిల్ల చేతిలోది లాక్కుంటారా? మీరిచ్చింది బీరువాలో పెట్టాననేగా ఈ కోపం," అంది మరదలు.

"ఇదీ నేనల్లిందే."

"ఇంకా నయం. ఊళ్లో కుందేళ్లన్నీ మీవే అనలేదు."

బీరువా తలుపు తీసి, బాతుల్ని పక్కకి నెట్టి, పసుపు కుందేల్ని తెచ్చి నీలం దాని పక్కన పెట్టాను. కుట్లు ఎటు ఒరిగాయో చూపించాను. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని చూసింది, వేలితో తడిమింది, నా ఎడమచేతి వంక కూడా చూసింది. అన్నీ చూశాక, "అయితే ఏంటట?" అంది. పొరుగింటి పుల్లకూర మనింట్లో వండిందేనని తేలితే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది.

ఒక పూసని గోటితో పట్టుకుని లాగాను. పెద్దగా లాగలేదు, చొక్కా మీద దారప్పోగు తీసినంత. ఊడొచ్చి అరచేతిలో పడింది.

మరదలి మొహం పాలిపోయింది. రెండో పూస తనే లాగింది. అదీ వచ్చేసింది. వెంటనే పిల్లని ఎత్తుకుని, నోట్లో వేలు పెట్టి నాలుక కిందా బుగ్గల్లోనూ వెతికింది. రెండు పూసలూ మా చేతుల్లోనే ఉన్నాయని తెలిసి కూడా వెతికింది. ఆవిడ మీద నాకు జాలేసింది. కోపం మాత్రం తగ్గలేదు, కాస్త పక్కకి జరిగి కొట్టాయనకి చోటిచ్చింది.

"మా దుకాణం వీధి చివర కొట్టువాడికి ఇలాంటివి పన్నెండు ఇచ్చాను," అన్నాను.

"అంటే ఇంకా పదకొండు మంది పిల్లలు ఇవే నములుతున్నారా?"

ఆవిడ పక్కగదిలో కునుకు తీస్తున్న మా తమ్ముణ్ని లేపి, పిల్లని వాడి ఒళ్లో పెట్టి, అట్టడబ్బా చంకన పెట్టుకుని చెప్పులేసుకుంది.

కొట్టులో అరమీద మూడు కుందేళ్లు మిగిలి ఉన్నాయి. అంటే తొమ్మిది అమ్ముడుపోయాయి, మాది తీసేస్తే ఎనిమిది. కొట్టాయన మా చేతుల్లో డబ్బా చూశాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, మేము నోరు విప్పకముందే, "కళ్లు నేను పెట్టలేదమ్మా, మా వర్కరు పెట్టింది," అన్నాడు.

"పెట్టమన్నదెవరు?" అన్నాను.

"దారం కళ్లు నిద్రమొహంలా ఉంటాయండీ. మెరిసే కళ్లుంటేనే కస్టమరు చెయ్యి అటు పోతుంది. ఆ జిగురు మామూలుది కాదు, చెప్పులకి వాడేది. చాలా గట్టిది."

"చెప్పులకి వాడేది పసిపిల్లల నోట్లో పెట్టావా?"

"ఇప్పటిదాకా ఒక్క కంప్లైంటు కూడా రాలేదు."

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. మరదలు డబ్బాని బల్ల మీద పెట్టి బంగారు అక్షరాల మీద వేలు పెట్టింది.

"పరీక్షించబడింది అని ఉంది. ఎవరు పరీక్షించారు?"

"డబ్బాలు అలాగే ప్రింటై వస్తాయమ్మా. డబ్బాలు వేరే చోట కొంటాం."

"అయితే డబ్బాకి పరీక్ష అయింది, బొమ్మకి కాలేదన్నమాట. మరి ఈసారి పిల్లలకి డబ్బాలే అమ్మండి."

ముప్ఫై ఏళ్లుగా నా మీద సానపట్టిన నోరది. మొదటిసారి అది నా పక్కన నిలబడి మాట్లాడుతుంటే నాకు ఎక్కడలేని బలం వచ్చింది. నేనూ గొంతు పెంచాను. పిల్లల ఉసురు పోసుకుంటున్నావన్నాను, సిగ్గు లేదా అన్నాను, ఇంకా చాలా అన్నాను. వాడు అంతా విని, తాపీగా నా వైపు తిరిగాడు.

"మీరు అరుస్తారేంటండీ? వాటిని కళ్లు లేకుండా పంపింది మీరు. దారంతోనే కుట్టాలని ఒక్క ముక్క చెప్పారా?"

చెప్పానని చెప్పబోయాను. చెప్పలేదు. ఆ రోజు సంచి బల్ల మీద పెట్టి, మణికట్టు నొక్కుకుంటూ, హమ్మయ్య అనుకుంటూ బయటికొచ్చేశాను. ఆ మాత్రం అందరికీ తెలిసిందే కదా అనుకున్నాను. అందరికీ తెలిసిందంటూ ఏదీ ఉండదని యాభై నాలుగేళ్లొచ్చినా నాకు తెలియలేదు. మరదలు నా వంక చూసింది.

"సరే, నేను చెప్పలేదు, తప్పే," అన్నాను. "ఇప్పుడు చెప్తున్నాను. ఎవరెవరు కొన్నారో ఫోన్ నంబర్లివ్వు."

"కస్టమర్ల నంబర్లు బయటికివ్వకూడదండీ. ఏదైనా అయితే వాళ్లే వస్తారు."

"ఏదైనా అయ్యాకా?"

వాడు భుజాలెగరేశాడు. అప్పుడే ఒకావిడ తోపుడు బండిలో పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని లోపలికొస్తోంది. మరదలు అరమీంచి ఒక కుందేల్ని తీసుకుని, "అమ్మా, ఒక్క నిమిషం, ఇది చూడండి," అంటూ ఆవిడకి ఎదురెళ్లి, గుమ్మంలోనే టక్కున ఒక కన్ను ఊడదీసి చూపించింది. ఆవిడ బండిని వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయింది. మరదలు రెండో కుందేలు అందుకుంది. కొట్టాయన బిల్లుల కంప్యూటరు తెర మా వైపు తిప్పాడు.

ఎనిమిది నంబర్లు. మరదలు చదువుతుంటే నేను చేశాను. కళ్లు కుట్టనిది నేను కాబట్టి నేనే మాట్లాడతానన్నాను. మొదటాయన నేనేదో అమ్మడానికి చేశాననుకుని పెట్టేశాడు. మూడుసార్లు చేస్తే గానీ వినలేదు. నలుగురు థాంక్స్ చెప్పారు. ఒకావిడ బొమ్మని ఎవరికో ఇచ్చేశానంది, వాళ్ల నంబరు తీసుకుని వాళ్లకీ చేశాను. ఒక తల్లి మాత్రం పూర్తిగా విని, ఆ తరవాత నన్ను దులిపేసింది. బొమ్మలల్లేవాళ్లకి బుద్ధుండక్కర్లేదా అంది, నీ ఇంట్లో పిల్లల్లేరా అంది. నేను కిక్కురుమనకుండా విన్నాను. ఇంకో మాట అంటే అదీ విందును. అలా ఏడుగురయ్యారు.

ఎనిమిదో ఫోన్ ఒక అమ్మాయి ఎత్తింది. గొంతు హుషారుగా ఉంది.

"ఆ కుందేలా? మా బాబుకి అదంటే ప్రాణమండీ. అది చేతిలో లేకపోతే నిద్రే పోడు. ఇప్పుడు దానికి ఒక్క కన్నే ఉంది లెండి."

"ఒక్కటేంటమ్మా?"

"ఒకటి ఊడిపోయింది. ఇల్లంతా వెతికాం. మొన్న వాడి డైపర్లో కనిపించింది. డాక్టరు దగ్గరికి వెళ్దామనుకున్నాం గానీ, వచ్చేసింది కదా, వాడూ బాగానే ఆడుకుంటున్నాడు. మీరు షాపు నుంచేనా? కొత్తది మార్చిస్తారా?"

ఇంతసేపూ కొట్టాయన్నీ, డబ్బానీ, జిగురునీ తిట్టడానికి తన్నుకుంటూ వచ్చిన మాటల్లో ఒక్కటీ నోట్లో లేదు. మరదలు నా మోచెయ్యి పట్టుకుంది.

"మార్చడం సంగతి తరవాత అమ్మా. బాబుని ఇవాళే డాక్టరుకి చూపించు," అన్నాను. "ముందు ఆ రెండో కన్ను పీకెయ్. ఇప్పుడే. నేను ఫోన్లోనే ఉంటాను."

"వాడి చేతిలో ఉందండీ. లాక్కుంటే ఏడుస్తాడు."

"ఏడవనీ."

ఫోన్లో గలగలమని చప్పుడు వినిపించింది. ఆ వెంటనే పిల్లాడి ఏడుపు. గట్టి ఏడుపు, గొంతు నిండా గాలి ఉన్న ఏడుపు. మేమిద్దరం ఒకే ఫోనుకి చెరో చెవీ ఆనించి నిలబడ్డాం. కొట్టాయన కూడా చేతిలో పని ఆపేశాడు.

ఆ అమ్మాయి మళ్లీ ఫోన్లోకి వచ్చింది. ఈసారి గొంతులో హుషారు లేదు.

"కన్ను నేను లాగనే లేదండీ," అంది. "పట్టుకున్నానంతే."